జేబు లేని గౌను

రేపు నాకు పట్టా ఇస్తారు.
అద్దెకు తెచ్చిన నల్ల గౌను మేకుకు వేలాడుతోంది,
మూడువేల షిల్లింగులు డిపాజిట్టు కట్టించుకుని ఇచ్చిన గౌను.
అటూ ఇటూ తడిమి చూశాను,
జేబు లేదు.
రెండేళ్ళుగా జేబులే చదువుతున్నదాన్ని,
నవ్వొచ్చింది.

మొదటి ఏడు
మనిషిని దూరం నుంచి చూడ్డం నేర్పారు.
చుట్టరికాలు గీయమన్నారు,
మగవాళ్ళకు త్రికోణాలు, ఆడవాళ్ళకు సున్నాలు.
అమ్మను సున్నాలో పెట్టాను.
నాన్న త్రికోణం ఎక్కడ గీయాలో తెలియక
పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.
ఓమొలో మేష్టారు నా బల్ల దగ్గర ఆగి
"ఖాళీ వదిలెయ్ కెరూబో, అదీ సమాచారమే" అన్నాడు.
ఆ ఒక్క మాటకే ఫీజు గిట్టిందనుకుంటాను.

మూడో ఏడు గికోంబా సంతకు పంపారు.
సముద్రాలు దాటొచ్చిన పాతబట్టల మూటలు
తెల్లారుజామున కత్తితో కోస్తారక్కడ.
పట్టీ ఫట్‌మని తెగుతుంది, ఆ వెంటనే
ఎవరి బీరువాదో వాసన.
మామా నఫూలా కుట్టుమిషను పక్కన
ముక్కాలిపీట వేసుకుని, పెద్ద పరిశీలకురాలిలా
నోటుబుక్కు తెరిచాను.
ఆమె నన్నోసారి ఎగాదిగా కొలిచి
"ఎడమ భుజం వాల్చి నడుస్తావు, సంచీ మార్చుకో" అంది.
నేనింకా తేదీ కూడా వెయ్యలేదు.

ఆమె దగ్గరో బిస్కెట్ల డబ్బా ఉంది.
కోటు జేబుల్లో దొరికినవన్నీ అందులోనే:
ఏ ఊరిదో తెలియని ట్రాము టికెట్టు,
సగం విరిచిన మాత్ర,
ఎండి రాయైపోయిన మిఠాయి,
ఒక తాళంచెవి, ఆ తలుపెక్కడుందో దేవుడికెరుక.
"అక్కడ చలి ఎక్కువ,
చెయ్యి పట్టుకునేవాళ్ళు తక్కువలా ఉంది,
చూడు, ప్రతి జేబూ అడుగునే చిరుగుతుంది.
ఈ ముసలాయనది మాత్రం కుడి మోచెయ్యి అరిగింది.
కిటికీ దగ్గర కూచుని ఎవరికోసమో చూసేవాడు."
ఆమె విమానం ఎక్కలేదు.
చలిదేశాల మీద ఆమె రాయని పుస్తకానికి
మా లైబ్రరీలో అర లేదు.

నియమం ప్రకారం ఆమె పేరు తీసేసి
"సమాచారదాత నాలుగు" అని రాశాను.
చదివి వినిపిస్తే, కాస్త నొచ్చుకుని
"మొదటి ముగ్గురూ ఎవరు?" అనడిగింది.

ఇక ఏం చేస్తావని అందరూ అడుగుతున్నారు.
కిసీ నుంచి బస్సు దిగిన మేనమామ
మానవశాస్త్రమంటే డాక్టరీ అనుకుని ఇన్నాళ్ళూ
ఊరంతా చెప్పాడట. నిన్న మోకాలు చూపించాడు.
చూశాను. ఎన్నాళ్ళుగా అనడిగాను.
గంటసేపు చెప్పి, నొప్పి తగ్గిందన్నాడు.

ఫోన్లలో అప్పులిచ్చే కంపెనీవాళ్ళు
సోమవారం నుంచి రమ్మన్నారు.
జనం ఎందుకు తిరిగి కట్టరో కనుక్కుని చెప్పాలట.
నాకూ చదువు బాకీ ఉంది, వెళతాను,
ఇందులో గొప్పేం లేదు.
కాకపోతే, ఎందుకు కట్టలేదని అడిగే ముందు
ఎందుకు తీసుకున్నారని అడుగుతాను.
ఎన్నాళ్ళు ఉంచుకుంటారో చూడాలి.
శనివారాలు మాత్రం గికోంబావి.
డబ్బాలోవి ఒక్కొక్కటీ రాసిపెట్టాలి
ఆమె చెబుతుంటే, ఈసారి ఆమె పేరుతో.

సాయంత్రం గౌను పట్టుకెళ్ళి జేబు కుట్టమన్నాను.
"అద్దెదిగా?"
"అద్దెదే."
"అయితే విప్పడానికి వీలుగా వదులు కుట్లు వేస్తాలే" అంది.
వేసినవేమో గట్టి కుట్లు, రెండు వరసలు.
నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

బుధవారం తిరిగిచ్చేస్తాను.
డిపాజిట్టు కోసుకుంటారేమో, కోసుకోనీ.
వచ్చే ఏడు ఏ పిల్లో ఇది తొడుక్కుని,
పేరు పిలిచేదాకా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
తడుముకుంటుంది. తగులుతుంది,
లోపల ఓ మడత కాగితం:

ఉల్లిపాయలు అరకిలో.
జొన్నపిండి.
నల్లదారం రెండు ఉండలు.
మామకు మోకాలి నూనె.